గురికి ముందు గుర్తింపు: టెక్సస్‌లో తొలి వేటకు సిద్ధమవుతున్న తెలుగువారికి బహిరంగ లేఖ

టెక్సస్ రాష్ట్రంలో ఈ ఏడాది మొదటిసారిగా వేట లైసెన్సు తీసుకుంటున్న తెలుగు స్త్రీ పురుషులకు,



నవంబరు మొదటి శనివారం నాడు టెక్సస్‌లో తెల్లతోక జింకల వేటకు ప్రధాన సీజను మొదలవుతుంది. దానికోసం కొన్ని నెలల ముందునుంచే రైఫిల్ ఏది మంచిది, తూటా ఎంత బరువుండాలి, రైఫిల్ మీద బిగించే స్కోప్ ఎలాంటిది కావాలి అని విచారించి వాటి మీద ధారాళంగా ఖర్చు పెట్టే కొత్త వేటగాళ్లు, బైనాక్యులర్ వంతు వచ్చేసరికి మిగిలిన డబ్బుతో, పెట్టె మీద అన్నిటికంటే పెద్ద అంకె వేసి ఉన్నదాన్ని తీసుకుని తృప్తిపడడం తరచుగా జరిగే పని. ఆ వరుసను తిరగవేయమని కోరడానికే ఈ లేఖ. సీజను మొత్తంలో రైఫిల్ పనిచేసేది కొన్ని క్షణాలు మాత్రమే. మాటున కూర్చున్న గంటలన్నీ బైనాక్యులర్‌వే. అంతేకాక, ఎదుట నిలిచిన జంతువును కొట్టకూడదన్న నిర్ణయానికి ఆధారం దొరికేది బైనాక్యులర్‌లోనే గాని తుపాకీలో కాదు.

ఈ మాటను ప్రత్యేకించి తెలుగువారికి చెప్పవలసిన కారణం ఒకటి ఉంది. టెక్సస్ గ్రామసీమల్లో వేట పరిజ్ఞానం చాలావరకు తాత చేతినుంచి మనవడి చేతికి అందుతూ వస్తుంది. ఏ గుడ్డి వెలుతురులో ఏది కనపడుతుందో, ఏది కనపడినట్టు భ్రమ కలిగిస్తుందో పిల్లలు పదేళ్ల వయసులోనే మాటున కూర్చుని నేర్చుకుంటారు. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను చాలావరకు నిషేధించింది గనుక, ఆ తరవాత పుట్టి పెరిగి టెక్సస్ చేరిన తెలుగువారికి ఆ వారసత్వం అందే అవకాశం చాలా తక్కువ. అది నొచ్చుకోవలసిన విషయం కూడా కాదు. అయితే 1971 సెప్టెంబరు 2న గాని ఆ తరవాత గాని పుట్టినవారు వేటగాళ్ల శిక్షణ పూర్తిచేయాలని టెక్సస్ విధించిన సాధారణ నిబంధన ప్రకారం ముప్పయ్యో నలభయ్యో ఏట ఆ తరగతిలో కూర్చునే వ్యక్తికి, అలవాటు నేర్పవలసినదాన్ని అవగాహన నేర్పాలి.

మొదట తేల్చుకోవలసిన ప్రశ్న బైనాక్యులర్ ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుందన్నది కాదు, దానితో దేన్ని గుర్తుపట్టాలన్నది. టెక్సస్‌లోని 254 కౌంటీల్లో వందకు పైగా కౌంటీలలో మగ జింకల కొమ్ముల మీద ఆంక్ష ఉంది. ఆ కౌంటీలలో చట్టం అనుమతించే మగ జింకకు రెండు కొమ్ముల్లో కనీసం ఒకటి పంగ చీలకుండా ఉండాలి, లేదా రెండు కొమ్ముల మధ్య లోపలి వెడల్పు 13 అంగుళాలు, అంటే 33 సెంటీమీటర్లు, అంతకు మించి ఉండాలి. జింక కొమ్ముల మధ్య ఎవరూ కొలబద్ద పెట్టలేరు గనుక వేటగాళ్లకు దాని చెవులే కొలబద్ద: తెల్లతోక జింక అప్రమత్తమై చెవులు నిక్కించినప్పుడు ఈ చెవి కొననుంచి ఆ చెవి కొనకు ఉండే దూరం సుమారుగా ఆ 13 అంగుళాలే. కొమ్ముల లోపలి అంచులు చెవి కొనలకు ఆవల ఉంటే అది పెద్ద మగజింక. ఇవతల ఉండి, రెండు కొమ్ములూ చీలి ఉంటే అది ఇంకా పెరగవలసిన పడుచు జింక, చట్టం దాన్ని కాపాడుతుంది. చీలిక అనిపించుకోవడానికి కొమ్ములోంచి పొడుచుకొచ్చిన ముల్లు కనీసం ఒక అంగుళం పొడవుండాలి.

ఒక అంగుళమన్నది నూరు గజాల దూరంలో కంటికి ఎంతగా ఆనుతుందో లెక్క వేసి చూస్తే బైనాక్యులర్ అవసరం స్పష్టమవుతుంది. ఒక డిగ్రీని అరవై భాగాలు చేస్తే అందులో ఒక భాగాన్ని కోణీయ నిమిషం అంటారు. ఆరోగ్యమైన కన్ను మంచి వెలుతురులో విడదీసి చూడగల అతి చిన్న కోణం దాదాపు అంతే. నూరు గజాల, అంటే 91 మీటర్ల దూరాన ఉన్న అంగుళం ముల్లు కంటి దగ్గర చేసే కోణం కూడా ఇంచుమించు ఒక నిమిషమే. అంటే పట్టపగలే అది ఉన్నదీ లేనిదీ అన్న సరిహద్దులో ఉంటుంది. మునిమాపు వేళ కంటి సూక్ష్మత అనేక రెట్లు తగ్గిపోతుంది గనుక అప్పుడిక ఉండదు. ఎనిమిది రెట్ల బైనాక్యులర్ దాన్ని ఎనిమిది నిమిషాల కోణానికి పెంచుతుంది. వట్టి కంటికి లేని ముల్లు దానిలో ఉంటుంది.

గుర్తింపు విషయంలో తెలుగువారిని మరింత దగ్గరగా తాకే సంగతి మరొకటి ఉంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింక, తెలంగాణ రాష్ట్ర జంతువైన చుక్కల దుప్పి, రెండూ 1930ల తొలినాళ్లలోనే టెక్సస్ నేల మీద అడుగుపెట్టాయి. మనుబోతు, అంటే నీలగాయి, దక్షిణ టెక్సస్ తీర మైదానాల్లో స్థిరపడింది. ఆ రాష్ట్రం వీటిని బయటినుంచి వచ్చిన జంతువులుగా లెక్కిస్తుంది గనుక, లైసెన్సూ భూయజమాని సమ్మతీ ఉన్నవారు వీటిని ఏడాది పొడుగునా వేటాడవచ్చు. ఇన్నే కొట్టాలన్న పరిమితి కూడా లేదు. తెల్లతోక జింకకైతే సీజను ఉంది, ఎన్ని కొట్టవచ్చో లెక్క ఉంది. మే నెల సాయంత్రం హిల్ కంట్రీ అని పేరున్న మధ్య టెక్సస్ కొండల్లో, ఓక్ చెట్ల నీడలో మేస్తున్న ఒక కొమ్ములేని జంతువు ఆడ దుప్పి అయితే దాన్ని కొట్టడం చట్టబద్ధం, తెల్లతోక ఆడ జింక అయితే నేరం. తెల్లతోక జింకకు చుక్కలు పిల్లగా ఉన్నప్పుడే ఉండి కొద్ది నెలల్లో మాసిపోతాయి. దుప్పికి అవి బతికినంతకాలం ఉంటాయి. ఆ చుక్కలు చట్టపు అక్షరాలంత ముఖ్యమైనవి. వెలుతురు తగ్గుతున్నకొద్దీ గోధుమవన్నె మీది తెల్లని చుక్క వట్టి కంటికి అన్నిటికంటే ముందు కనపడకుండా పోతుంది. మంచి బైనాక్యులర్‌లో అది మరికొన్ని నిమిషాలు నిలుస్తుంది. కృష్ణజింకతో అంత ఇబ్బంది లేదు. నల్లని మగదాన్ని ఇర్రి అని, లేతవన్నె ఆడదాన్ని లేడి అని తెలుగువారు వేరువేరు మాటలతో పిలుచుకోవడానికి తగ్గట్టే వాటి రూపభేదం దూరానికే తెలుస్తుంది.

ఈ కారణాలన్నీ వెలుతురు దగ్గరికే చేరుతున్నాయి. టెక్సస్‌లో జింకల వేటకు చట్టం అనుమతించే సమయం సూర్యోదయానికి అరగంట ముందు మొదలై, సూర్యాస్తమయమైన అరగంటకు ముగుస్తుంది. జింకలు మేతకు కదిలేది కూడా ముఖ్యంగా తొలిసంజ, మలిసంజ వేళల్లోనే. కాబట్టి వేటగాడి బైనాక్యులర్‌కు అసలు పరీక్ష మధ్యాహ్నం పన్నెండు గంటలకు కాదు. అప్పుడు ఇరవై డాలర్ల పరికరం కూడా బాగానే కనిపిస్తుంది. పరీక్ష ఆ మొదటి అరగంటలో, ఆ చివరి అరగంటలో ఉంది.

బైనాక్యులర్ మీద 8×42 అని రాసి ఉంటే మొదటి అంకె ఆవర్ధనం, అంటే వస్తువును ఎన్ని రెట్లు దగ్గరగా చూపుతుందన్నది. రెండో అంకె ముందువైపు అద్దం, అంటే వస్తుకటకం, వ్యాసం మిల్లీమీటర్లలో. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చే 5.25 మిల్లీమీటర్లు చాలామంది కొనుగోలుదారులు పట్టించుకోని అతి ముఖ్యమైన సంఖ్య. బైనాక్యులర్‌ను చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని ఆకాశం వైపు తిప్పితే, కన్ను ఆనించే అద్దంలో, అంటే అక్షికటకంలో, చిన్న వెలుగు బిళ్ల కనపడుతుంది. ఆ బిళ్ల వ్యాసమే ఈ సంఖ్య. దుకాణాల్లో దీన్ని ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. పరికరం పోగుచేసిన వెలుతురంతా ఆ బిళ్ల గుండానే కంటిలోకి ప్రవేశించాలి. ఎండలో కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది గనుక బిళ్ల చిన్నదైనా నష్టం తెలియదు. చీకటిపడే వేళ యువకుల కంటిపాప ఏడు మిల్లీమీటర్ల వరకూ విచ్చుకుంటుంది. యాభై దాటినవారికి అది సాధారణంగా అయిదు దగ్గర ఆగిపోతుంది. 10×25 జేబు బైనాక్యులర్ ఇచ్చే బిళ్ల 2.5 మిల్లీమీటర్లే. మునిమాపులో అయిదారు మిల్లీమీటర్లు తెరుచుకుని వెలుతురు కోసం ఎదురుచూసే కంటికి ఆ సన్నని దారి చాలదు. అడవి అంతా నల్లటి ముద్దగా కనపడుతుంది.

ఈ లెక్కను బట్టే జర్మనీ, ఆస్ట్రియా దేశాల వేటగాళ్లు తరతరాలుగా 7×42, 8×56 బైనాక్యులర్లను ఆదరించారు. 8×56 ఇచ్చే బిళ్ల సరిగ్గా ఏడు మిల్లీమీటర్లు. వెన్నెల రాత్రి అడవిపంది కోసం మంచె మీద కూర్చునే ఆ దేశాల పద్ధతికి అది తగినది. టెక్సస్‌లో జింకను రాత్రి వేటాడకూడదు, పైగా 8×56 కిలో బరువు దాటుతుంది, నలభై అయిదేళ్ల కన్ను ఆ ఏడు మిల్లీమీటర్లను పూర్తిగా వాడుకోలేదు. కనుక యూరప్ వేటగాళ్ల సూత్రాన్ని స్వీకరించి కొలతను మార్చుకోవడమే ఇక్కడ వివేకం.

సూత్రాల ప్రసక్తి వచ్చింది గనుక, బైనాక్యులర్ల పెట్టెల మీద గొప్పగా అచ్చువేసే ట్విలైట్ ఫ్యాక్టర్ గురించి కూడా హెచ్చరించవలసి ఉంది. ఆవర్ధనాన్ని వస్తుకటకం వ్యాసంతో గుణించి, ఆ లబ్ధానికి వర్గమూలం తీస్తే వచ్చే సంఖ్య ఇది; సంజవెలుగులో ఎంత వివరం కనపడుతుందో ఇది చెబుతుందని అంటారు. 8×42 కు ఇది 18.3. ఎవరైనా 16×21 అనే జేబు బైనాక్యులర్ తయారుచేస్తే దానికి కూడా ఇది సరిగ్గా 18.3 వస్తుంది, ఎందుకంటే రెండింటి లబ్ధమూ 336. కాని రెండోదాని వెలుగు బిళ్ల 1.3 మిల్లీమీటర్లు, చీకటిపడుతుండగా దానిలో జింక కాదు కదా, చెట్టు కూడా తెలియదు. ఒకే రకపు రెండు మంచి పరికరాలను పోల్చేటప్పుడు ఈ సంఖ్యకు కొంత విలువ ఉంది, తతిమ్మా సందర్భాల్లో అది తప్పుదారి పట్టిస్తుంది.

ఇక ఎనిమిదా, పదా అన్న వాదం. అమెరికా వేటగాళ్లలో 10×42 కు ఆదరణ ఎక్కువ, అందులోనూ కొలరాడో, మొంటానా వంటి పర్వత రాష్ట్రాల్లో దానికి న్యాయమైన కారణం ఉంది. అక్కడ ఒక లోయ అంచున కూర్చుని మైలు దూరపు వాలును గంటల తరబడి వెతకాలి. టెక్సస్‌లో తొంభై శాతానికి పైగా భూమి ప్రైవేటు యాజమాన్యంలో ఉన్నందువల్ల ఎక్కువమంది లీజుకు తీసుకున్న రాంచ్‌లో, బ్లైండ్ అని పిలిచే చెక్క మాటులో కూర్చుని, నూరు నూటయాభై గజాల్లో ఉన్న మేతస్థలాన్ని చూస్తారు. నూరు గజాల జింకను ఎనిమిది రెట్ల పరికరం పదకొండు మీటర్ల పైచిలుకు దూరానికి తెస్తే, పది రెట్లది తొమ్మిది మీటర్లకు తెస్తుంది. ఆ రెండు మీటర్ల లాభం కోసం వేటగాడు ఏమి పోగొట్టుకుంటున్నాడో చూడాలి. వెలుగు బిళ్ల 5.25 నుంచి 4.2 కు తగ్గుతుంది. అందులో పట్టే వెలుతురు వైశాల్యం లెక్కన మూడోవంతుకు పైగా పోతుంది. వెయ్యి మీటర్ల దూరాన ఒకేసారి కనపడే వెడల్పు, అంటే దృష్టిక్షేత్రం, ఎనిమిది రెట్లవాటిలో సాధారణంగా 130 నుంచి 140 మీటర్లుంటే, పది రెట్లవాటిలో 105 నుంచి 115 దగ్గర ఉంటుంది. చేతి వణుకు కూడా అదే నిష్పత్తిలో పెద్దదవుతుంది. ఆఖరిది మరీ గమనించవలసినది, ఎందుకంటే చలిలో రెండు గంటలు కదలకుండా కూర్చున్న చేతులకు వణుకు తప్పదు.

దక్షిణ టెక్సస్ పొదల నేలలో మెస్కీట్ చెట్లు దట్టంగా పెరుగుతాయి. తెలుగు పల్లెల్లో సర్కారు తుమ్మ అని పిలిచే ముళ్ల చెట్టుకు ఇది దగ్గరి బంధువు. ఆ తుమ్మ దుబ్బుల్లో గొర్రె తప్పిపోతే వెతకడం ఎంత కష్టమో ఎరిగినవారికి మెస్కీట్ పొదల్లో జింకను చూడడం ఎలా ఉంటుందో వివరించనక్కరలేదు. అక్కడ జింక మొత్తంగా కనపడదు. ఒక చెవి, వీపు గీత, తోక కదలిక కనపడతాయి. అలాంటి చోట విశాలమైన దృష్టిక్షేత్రమే కంటికి బలం. కాబట్టి మధ్య, తూర్పు, దక్షిణ టెక్సస్‌లలో వేటాడబోయే వారికి 8×42 సరైన ఎంపిక. పశ్చిమాన పేకోస్ నదికి ఆవలి ఎడారి కొండల్లో మ్యూల్ జింక కోసం వెళ్లేవారు మాత్రం 10×42 ను, వీలైతే ముక్కాలిపీట మీద నిలిపి, వాడుకోవడం సమంజసం. పన్నెండుకు మించిన ఆవర్ధనం చేతిలో పట్టుకుని చూడడానికి పనికిరాదు. ఆవర్ధనాన్ని మార్చుకునే జూమ్ బైనాక్యులర్లను పరిశీలించడమే వ్యర్థం.

అంకెలు రెండూ ఒకటే అయిన పరికరాల్లో ఒకటి రెండువందల డాలర్లకూ మరొకటి రెండువేలకు పైగానూ ఎందుకు అమ్ముడవుతాయో తెలియాలంటే గొట్టాల లోపలికి చూడాలి. వస్తుకటకం ఏర్పరచే బింబం తలకిందులుగా ఉంటుంది. దాన్ని నిలువుగా తిప్పడానికి గాజు పట్టకాలను, అంటే ప్రిజంలను, అమరుస్తారు. ఇటలీకి చెందిన ఇగ్నాజియో పోరో 1854 లో పేటెంటు పొందిన పట్టకాల అమరికను ఆధారం చేసుకుని, ఎర్నస్ట్ అబ్బే ఆధ్వర్యంలో యేనా నగరపు జైస్ సంస్థ 1894 లో పట్టకాల బైనాక్యులర్లను విపణికి తెచ్చింది. భుజాలు వెడల్పుగా, మెట్టు మెట్టుగా కనపడే పాత బైనాక్యులర్లు ఈ పోరో తరహావి. గొట్టాలు తిన్నగా ఉండే రూఫ్ ప్రిజం తరహా తరవాత వ్యాప్తిలోకి వచ్చి, ఇప్పుడు వేటగాళ్ల మెడల్లో దాదాపు పూర్తిగా దానిదే రాజ్యమైంది. సన్నగా ఉంటుంది, నీరు చొరకుండా బిగించడం తేలిక.

ఆ తిన్నని రూపానికి రెండు మూల్యాలు చెల్లించాలి. రూఫ్ పట్టకంలో వెలుతురు రెండుగా చీలి మళ్లీ కలుస్తుంది. అలా కలిసేటప్పుడు తరంగాల దశ సరిపోలక వివరాలు మసకబారతాయి. దీన్ని సరిచేసే పలుచని పూతను జైస్ 1988 లో ప్రవేశపెట్టింది, ఇప్పుడు మధ్యతరగతి ధరల్లోనూ అది దొరుకుతుంది. పెట్టె మీద ఫేజ్ కరెక్టెడ్ అనే మాట లేని రూఫ్ బైనాక్యులర్‌ను జింకల వేటకు కొనకపోవడం మేలు. రెండోది, ఎక్కువ రూఫ్ బైనాక్యులర్లలో పట్టకపు ఒక ముఖం తనంత తాను వెలుతురును పూర్తిగా తిప్పికొట్టలేదు గనుక దానికి అద్దపు పూత వేయాలి. అల్యూమినియం పూత సుమారు పదోవంతు వెలుతురును మింగేస్తుంది, వెండి పూత అంతకంటే తక్కువ, డైఎలక్ట్రిక్ అనే బహుళ పొరల పూత నూటికి ఒక వంతు కూడా పోనివ్వదు. పోరో పట్టకాలకు ఈ రెండు బాధలూ లేవు. అందుకే నూట యాభై డాలర్ల లోపు మాత్రమే వెచ్చించగలిగినవారికి, కొంచెం బరువూ వెడల్పూ ఓర్చుకుంటే, మంచి పోరో బైనాక్యులరే ఎక్కువ వెలుతురు ఇస్తుంది. కొత్తవాళ్లు దాన్ని పాతకాలపు వస్తువని తోసిపుచ్చడం న్యాయం కాదు.

ఇంతకంటే ప్రధానమైనవి అద్దాల మీది పూతలు. గాలినుంచి గాజులోకి గాని, గాజునుంచి గాలిలోకి గాని వెలుతురు ప్రవేశించే ప్రతిచోటా, పూత లేకపోతే, సుమారు నాలుగు శాతం వెనక్కి మళ్లుతుంది. పన్నెండు తలాలున్న బైనాక్యులర్‌లో ఈ నష్టం పేరుకుని చివరికి అరవై ఒక్క శాతమే కంటికి చేరుతుంది. వెనక్కి మళ్లిన వెలుతురు ఊరికే పోక, బింబం మీద పలుచని తెల్లటి తెరలా పరుచుకుని చుక్కకూ చర్మానికీ తేడా చెరిపేస్తుంది. ఆ మళ్లింపును ఆపే పూతను 1935 లో జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మాకులా రూపొందించాడు. ప్రతి తలం దగ్గరి నష్టాన్ని అర శాతానికి తగ్గించగలిగితే అదే పన్నెండు తలాల పరికరం తొంభై నాలుగు శాతం వెలుతురును అందిస్తుంది. అందువల్ల పెట్టె మీది మాటలను న్యాయవాది దస్తావేజు చదివినట్టు చదవాలి: కోటెడ్ అంటే కొన్ని తలాల మీద ఒక్క పొర ఉందని మాత్రమే అర్థం, మల్టీ కోటెడ్ అంటే కొన్ని తలాల మీద అనేక పొరలు, ఫుల్లీ మల్టీ కోటెడ్ అంటేనే అన్ని తలాల మీదా అనేక పొరలు. ఎర్రగా కెంపులా మెరిసే అద్దాలు చూడడానికి ముచ్చటగా ఉన్నా, ఆ ఎరుపు కంటికి చేరవలసిన వెలుతురులోంచి బయటికి తోసేసినదే.

కళ్లజోడు పెట్టుకునేవారు, తెలుగు కుటుంబాల్లో వారి సంఖ్య తక్కువేమీ కాదు, ఐ రిలీఫ్ అనే కొలతను తప్పక అడగాలి. అక్షికటకానికి ఎంత వెనక కన్ను పెట్టినా పూర్తి దృశ్యం కనపడుతుందో తెలిపే దూరమిది. కళ్లజోడుతో చూసేవారికి అది కనీసం పదిహేను మిల్లీమీటర్లు ఉండాలి. కళ్లజోడు తీసి బైనాక్యులర్ ఎత్తి, మళ్లీ కళ్లజోడు పెట్టుకుని రైఫిల్ అందుకునేంతసేపు ఏ జింకా నిలబడదు. రెండు కళ్ల మధ్య దూరానికి పరికరం మడత సరిపోతుందో లేదో కూడా చూడాలి, ముఖ్యంగా చిన్న ముఖాలున్న స్త్రీలు, పిల్లలు. కొన్న రోజే చేయవలసిన పని మరొకటి: కుడి కన్ను మూసి మధ్య చక్రంతో ఎడమ కంటికి స్పష్టత తెచ్చుకుని, తరవాత ఎడమ కన్ను మూసి, మధ్య చక్రాన్ని కదపకుండా, కుడి అక్షికటకం దగ్గరి వలయంతో కుడి కంటికి సరిచేసుకోవాలి. రెండు కళ్ల చూపులో ఉండే తేడాను ఈ అమరిక తీరుస్తుంది. ఇది చేయనివారు ఎంత ఖరీదైనదాన్ని కొన్నా సగం పరికరంతోనే చూస్తున్నారు. మెడకు తగిలించే పట్టీకి బదులు భుజాల మీదుగా ఛాతీకి హత్తుకునే పట్టీ వాడితే ముప్పావు కిలో బరువు తెలియదు.

పై విషయాలన్నిటిలో పొరపాటు జరిగినా సరిదిద్దుకోవచ్చు గాని, ఇప్పుడు చెప్పబోయేదానిలో జరిగితే సరిదిద్దుకునే వీలు ఉండదు. రైఫిల్ మీద ఇప్పటికే స్కోప్ ఉంది కదా, దానితోనే చూస్తే సరిపోదా అని కొందరు బైనాక్యులర్ కొనడమే మానేస్తారు. రైఫిల్ స్కోప్‌తో దేన్ని చూసినా తుపాకీ గొట్టం దాని వైపే గురిపెట్టి ఉంటుంది. పొదలో కదిలినది జింకా, మనిషా అని తెలుసుకోవడం కోసమే చూస్తున్నప్పుడు, ఆ జవాబు మనిషి అయితే అప్పటికే ఒక మనిషి గుండెకు గురిపెట్టడం జరిగిపోయింది. ఆ మనిషి పక్క రాంచ్ యజమాని కావచ్చు, కంచె బాగుచేసే కూలీ కావచ్చు, వెంట వచ్చిన సొంత కొడుకే కావచ్చు. శిక్షణ తరగతుల్లో బోధించే మొదటి సూత్రాల్లో తుపాకీ గొట్టాన్ని ఎప్పుడూ సురక్షితమైన దిశలోనే ఉంచాలన్నది ఒకటి, లక్ష్యమేమిటో దాని వెనక ఏముందో నిశ్చయంగా తెలియాలన్నది మరొకటి. బైనాక్యులర్ లేకుండా ఈ రెండింటినీ ఒకేసారి పాటించడం సాధ్యం కాదు. గురి ఎప్పుడూ గుర్తింపుకు వెనకనే నడవాలి. బైనాక్యులర్ కొనడానికి డబ్బు చాలనివారు ఆ ఏడాది వేటకు వెళ్లకపోవడం ఉత్తమమని చెప్పడానికి ఈ లేఖ సంకోచించదు.

ఈ జాగ్రత్త టెక్సస్‌తోనే ఆగేది కాదు. మొంటానాలో నల్ల ఎలుగుబంటి వేటకు లైసెన్సు కోరేవారు, దాన్ని 1975 నుంచి సమాఖ్య చట్టం రక్షిస్తున్న గ్రిజ్లీ ఎలుగుబంటినుంచి వేరుచేసి గుర్తించే పరీక్షలో ఉత్తీర్ణులు కావాలి. కొలరాడోలో ఎల్క్ అనుకుని మూస్‌ను కాల్చిన ఘటనలు పదేపదే జరగడం వల్ల అక్కడి వన్యప్రాణి శాఖ వేటగాళ్లను హెచ్చరిస్తూనే ఉంటుంది. గుర్రమంత జంతువుల విషయంలోనే మనిషి కన్ను ఇంతగా మోసపోతున్నప్పుడు, అంగుళం ముల్లు విషయంలో కంటిని నమ్ముకోవడం సాహసం.

ఖర్చు మాటకు వస్తే, రెండువందల నుంచి అయిదువందల డాలర్ల మధ్య ఫుల్లీ మల్టీ కోటెడ్, ఫేజ్ కరెక్టెడ్, నీరు చొరకుండా లోపల నైట్రోజన్ నింపిన 8×42 లు అనేక కంపెనీలవి దొరుకుతున్నాయి. నైట్రోజన్ నింపడం వల్ల అద్దాల లోపలి వైపు ఆవిరి పట్టదు. చల్లని కారులోంచి గల్ఫ్ తీరపు ఉక్కలోకి దిగినప్పుడు బయటివైపు పట్టే ఆవిరిని మాత్రం తుడుచుకోవలసిందే. అంతకు రెండింతలు పెట్టి కొన్నప్పుడు దొరికే అదనపు మేలు కొద్దిగానే ఉంటుంది. యూరప్ తయారీ పరికరాలకు రెండువేల డాలర్లు దాటించి ఇవ్వగలవారికి అంచులదాకా నిర్మలంగా ఉండే దృశ్యమూ, చీకటిలో మరికొన్ని నిమిషాలూ లభిస్తాయి. రైఫిల్ మీద వెయ్యి డాలర్లు పెట్టదలచినవారు ఆరువందలకే సరిపెట్టి మిగిలినదాన్ని ఇటు మళ్లిస్తే సీజను ఎన్నో విధాల ఫలిస్తుంది. దూరం కొలిచే లేజర్‌ను లోపలే అమర్చిన బైనాక్యులర్లు 1992 లో లైకా తెచ్చిన జియోవిడ్‌తో సామాన్య వేటగాళ్లకు అందుబాటులోకి వచ్చినా, ఒకే మాటులో కూర్చునేవారు ఆ దూరాన్ని పగలే అడుగులతో కొలిచి పెట్టుకోవచ్చు గనుక వాటి అవసరం అంతగా లేదు.

పోల్చి చూసే తీరు కూడా చెప్పాలి. పెద్ద దుకాణాల్లో ట్యూబ్‌లైట్ల కింద చూసి నిర్ణయించకూడదు. సాయంత్రం పొద్దువాలే వేళకు వెళ్లి, రెండు మూడు బైనాక్యులర్లను బయటి ఆవరణలోకి తెచ్చి చూపమని అడగాలి. మొదట ఒక్కొక్కదాన్ని దూరంగా పట్టుకుని వెలుగు బిళ్ల గుండ్రంగా ఉందో, అంచులు కోసుకుపోయి బూడిదరంగు నీడలతో పలకగా ఉందో గమనించాలి. పలకగా ఉంటే పట్టకాల గాజు నాసిరకమని గుర్తు. తరవాత ఆకాశం ఎదుట నిలిచిన సన్నని కొమ్మను చూడాలి. కొమ్మ అంచుల వెంట ఊదా, ఆకుపచ్చ గీతలు ముదురుగా కనపడితే అది వర్ణ విపథనం, అంటే వేరువేరు రంగుల వెలుతురు ఒకేచోట కేంద్రీకరించకపోవడం. జింక కొమ్ము కొనను మింగేసేది ఆ గీతలే. రెండు గొట్టాల చూపూ ఒకేచోట కలుస్తున్నదో లేదో తెలియాలంటే అయిదు నిమిషాలు ఆపకుండా చూడడం తప్ప మార్గం లేదు. కంటిలో లాగుతున్నట్టు అనిపిస్తే ఆ జత పక్కన పెట్టవలసిందే. చివరికి, నీడలో ఆగిన కార్ల నంబరు పలకలను ఎంచుకుని, ఒక్కొక్క పరికరంతో ఏ నిమిషం దాకా చదవగలుగుతున్నారో చూసుకోవాలి. అమ్మేవారి మాటకంటే ఆ పలక మీది అక్షరాలు ఎక్కువ నిజం చెబుతాయి.

కొన్న తరవాత సీజనుకు ముందే ఒక సాయంత్రం, హిల్ కంట్రీలోని లానో వైపో మరో చోటో తీసుకున్న లీజుకు రైఫిల్ లేకుండా, బైనాక్యులర్, చిన్న నోటుబుక్, గడియారం మాత్రమే పట్టుకుని వెళ్లడం ప్రతి కొత్త వేటగాడికీ అవసరం. ఎక్కువ ఏళ్లలో సీజను మొదలైన మర్నాడే అమెరికాలో గడియారాలను గంట వెనక్కి తిప్పుతారు గనుక, సూర్యాస్తమయ సమయాన్ని ఏ రోజుకారోజు సరిచూసి రాసుకోవాలి. మాటులో కూర్చుని, మేతకు వచ్చిన జింకల్లో ఆడవి ఎన్నో, మగవి ఎన్నో, వేటి కొమ్ములు చెవులు దాటాయో రాస్తూ పోతే, ఒక నిమిషం దగ్గర కొమ్ము పంగ చీలిందో లేదో చెప్పలేని స్థితి వస్తుంది. ఆ నిమిషాన్ని సూర్యాస్తమయ సమయం పక్కన రాసుకోవాలి. చట్టం ఇచ్చిన అరగంటకు అది అయిదు నిమిషాలు ముందు వస్తే, ఆ సీజనంతా ఆ వేటగాడు రైఫిల్‌లోంచి తూటాలు తీసేయవలసిన సమయం అదే.